దడి వెనక నీళ్లు

వాన కురిస్తే చెరువు పెరగాలి. ఈ మాత్రం తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు, చెరువు కింద పుట్టిన ఏ పిల్లకాయనడిగినా చెప్తాడు. కానీ ఆ మధ్యాహ్నం ఆత్మకూరులో అద్దె ఇంటి వెనక గదిలో కూర్చున్న వినోద్ కళ్లెదుట, తెర మీద గీత తిన్నగా పోతోంది. కిటికీ బయట వాయుగుండం వాన ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తోంది. తెర మీద మాత్రం నల్లగుట్టపల్లె చెరువు నెమరేస్తూ పడుకున్న బర్రెలా నిశ్చింతగా ఉంది. పేజీ అంతా పచ్చరంగు. పైన పెద్ద అక్షరాలతో "చెరువు క్షేమం" అని ఉంది. ఆ మాట వినోద్ ఏరి కోరి రాసుకున్నదే.

పొద్దుటి నుంచీ ఆఫీసు పని చేసుకుంటూ మధ్యమధ్య ఆ గీత వంక చూస్తూనే ఉన్నాడు. మొదట నిమ్మళంగానే అనిపించింది. తర్వాత ఎందుకో కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. ఇంత వానకి గీత రవ్వంతైనా లేవాలి కదా?

ఆ చెరువు కట్ట కిందే గిరిజన కాలనీ ఉంది. కట్ట మీంచి బండి బాట దిగితే మొదటి ఇల్లు వినోద్ నాయన మాల్యాద్రిది. ఊళ్లో మెరక మీద ఉన్న మంచి స్థలాలన్నీ పంచుకున్నాక మిగిలిన పల్లపు జాగా అది, అందుకే వీళ్లకిచ్చారు. ఇచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా వానాకాలంలో అక్కడ పడుకుని చూడలేదు. కట్టకు గండి పడితే నీళ్లు ముందు ఎవరి గడప తొక్కుతాయో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

వినోద్ పుట్టిందీ పెరిగిందీ ఆ కాలనీలోనే. గురుకులంలో చదివి, నెల్లూరులో ఇంజనీరింగ్ చేసి, బెంగుళూరులో ఉద్యోగం పట్టాడు. కరోనా వచ్చి కంపెనీవాళ్లు ఇళ్లకు పొమ్మంటే వచ్చినవాడు మళ్లీ పోలేదు. పెళ్లయ్యాక ఆత్మకూరులో ఇల్లు చూసుకున్నాడు, కాలనీకి ఇంటర్నెట్ తీగ రాలేదు కాబట్టి. ఆ ఇల్లు దొరకడానికి ఎన్ని గడపలు తొక్కాడో, "ఇంతకీ మీరెవరబ్బాయ్?" అన్న ప్రశ్నకు జవాబు విన్నాక ఎంతమందికి ఉన్నట్టుండి ఇల్లు ఖాళీ లేకుండా పోయిందో చెప్పుకుంటూ పోతే అదో భారతం.

ఆ ఇంటి వెనక గదిలో సర్వర్ పెట్టాడు. సర్వరంటే మరేం లేదు, పగలూ రాత్రీ ఆగకుండా నడుస్తూ, అడిగినవాళ్లందరి ఫోన్లకీ పేజీలు అందించే కంప్యూటర్. కంపెనీ పాతబడిందని పక్కన పడేసిన దాన్ని అడిగి తెచ్చుకుని, మూత పీకేసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, ఇన్వర్టర్ కలిపాడు. ఒకసారి చీమలు దూరి ఆగిపోయింది. ఇంకోసారి బల్లి దూరి ఆగిపోయింది, బల్లి కూడా పోయింది. బాగుచేసిన ప్రతిసారీ వినోద్ మొహం బిడ్డకు జ్వరం తగ్గిన తల్లి మొహంలా వెలిగిపోయేది. అంతా ఎక్కడో పెద్ద కంపెనీల యంత్రాల్లో పెట్టుకుంటారు కదా, నీకెందుకీ తంటా అని స్నేహితులంటే వినేవాడు కాదు. మన చెరువు లెక్క మన ఇంట్లోనే ఉండాలని మొండికేశాడు. చుట్టాలొచ్చి ఆ గదిలో ఏముందని అడిగితే అతని భార్య విజయకుమారి, "మా బావ మేపుకునే గొడ్డు. ఎప్పుడూ గుర్రుమంటానే ఉంటాది, పాలు మాత్రం ఇయ్యదు" అని చెప్పేది.

పాలివ్వదు గానీ ఆ గొడ్డు రెండు పనులు చేసేది. ఒకటి బస్సుల పేజీ. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే బస్సు కనపడేదాకా వస్తుందని నమ్మకం లేదు, కాబట్టి బస్సు ఎక్కినవాళ్లు ఎక్కడున్నారో ఫోన్లో ఒక్క ముక్క రాస్తే, ముందు ఊళ్లలో కాచుకున్నవాళ్లకు తెలిసేది. రెండోది చెరువు పేజీ. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి కట్ట చివర రాతిగోడ ఉంటుంది, దాన్ని అక్కడ కలుజంటారు. ఆ కలుజు దగ్గర ఇనప స్తంభం పాతి, దానికో డబ్బా బిగించాడు వినోద్. అది కిందికి శబ్దం పంపి, నీళ్లకు తగిలి తిరిగొచ్చిన దాన్నిబట్టి నీటిమట్టం కనిపెట్టి, ఆత్మకూరుకు పంపుతుంది. అంకె ఎర్రగీత దాటితే పేజీ ఎర్రబడుతుంది, కాలనీ బడి గోడకు పెట్టిన సైరన్ దానంతటదే కూస్తుంది.

మొదట్లో ఊళ్లో అందరూ నవ్వారు. రెండు వానాకాలాలు గడిచేసరికి నవ్వు ఆగిపోయింది. పేజీ ఎంతంటే చెరువులో అంతే. ఊళ్లో రైతులూ కాలనీ జనమూ, చదువొచ్చినవాళ్లూ రానివాళ్లూ ఫోన్ తీసి రంగు చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. పచ్చగా ఉందా, దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నాకు తెలిసి ఆ ఊళ్లో ఊరూ కాలనీ ఒకేలా నమ్మింది ఆ ఒక్కదాన్నే.

ఇప్పుడు అదే పేజీని నమ్మలేక వినోద్ చెమటలు కక్కుతున్నాడు.

అనుమానం తీరక బస్సుల పేజీ తెరిచాడు. ఒకదాని కింద ఒకటి వచ్చిపడుతున్నాయి. ‘దుత్తలూరు దాటినాక వాగు రోడ్డు మీద పారుతుండాది, బస్సు ఆపేసినారు.’ ‘సీతారామపురం బస్సు ఉదయగిరిలోనే ఉండాది, ఈ పొద్దుకు లేదంట.’ ‘దుర్గం కొండ మీంచి నీళ్లు దూకుతుండాయి, జనం వీడియోలు తీస్తుండారు.’ వినోద్ ఒక్కొక్కటీ రెండేసిసార్లు చదివాడు. ఆ పక్క వాగులు సగానికి సగం చివరికి వచ్చి పడేది నల్లగుట్టపల్లె చెరువులోనే. ఒకే గదిలో, ఒకే యంత్రంలో రెండు పేజీలు. ఒకటి వాగులు పొంగాయంటోంది, ఇంకోటి చెరువు నిద్రపోతోందంటోంది. రెండింట్లో ఒకటి అబద్ధమాడుతోంది.

డబ్బా చెడిపోయిందేమోనని చూశాడు. చెడిపోలేదు. బ్యాటరీ బాగుంది, అంకెలు ఠంచనుగా వస్తున్నాయి. గీతను పెద్దది చేసి చూశాడు. అప్పుడు కనిపించింది. గీత తిన్నగా కూడా లేదు, సన్నగా కిందికి వాలుతోంది. కొండలు కరిగేలా వాన పడుతుంటే నీళ్లు తగ్గుతున్నాయట! చెరువులో ఎవరైనా మోటారు పెట్టి తోడేస్తున్నారా ఏంటి?

నీళ్లు తగ్గడం లేదు. నీళ్లు డబ్బా దాకా రావడం లేదు. ఏదో అడ్డం పడింది.

అంతే, దడి గుర్తొచ్చింది. గుర్తొచ్చి నెత్తి మీద ఠపీమని కొట్టుకున్నాడు.

కలుజు పారినప్పుడు చేపలు నీళ్లతోపాటు కొట్టుకుపోకుండా వెదురు దడి అల్లి, దానికి వల బిగించి అడ్డం కడతారు. నీళ్లు పోతాయి, చేపలు ఆగుతాయి. ఆ చెరువు మీద ఎవరు చేపలు పెంచినా చేసేదే. కాకపోతే ఎప్పుడూ కలుజుకు అవతల, నీళ్లు దిగిపోయే వైపు కట్టేవాళ్లు. ఈ ఏడు చెరువులో చేపల హక్కు మొదటిసారి కాలనీ సొసైటీ పేరున వచ్చింది. ఇన్నేళ్లూ కాంట్రాక్టర్ల కింద కూలికి వలలు లాగిన మాల్యాద్రి ఇప్పుడు సొసైటీ పెద్ద. రాళ్ల మీద దొర్లితే చేప దెబ్బతింటుందని, దడిని చెరువు వైపు కట్టించాడు. ఆ రోజు వినోద్ కూడా మొలలోతు నీళ్లలో నిలబడి తాడు పట్టుకున్నాడు, తడి చేతులతో సెల్ఫీలు కూడా తీసుకున్నాడు. ఇప్పుడు ఆ ఫోటోలు వెతికి చూశాడు. నాయన నవ్వుతున్నాడు, చిన్ననాటి నేస్తం డేవిడ్‌రాజు నవ్వుతున్నాడు, తనూ నవ్వుతున్నాడు. వెనకాల ఇనప స్తంభం. అటు చెరువు, మధ్యలో దడి, ఇటు తన డబ్బా. చెరువును చూడాల్సిన కంటికి తానే చేతులారా గంతలు కట్టి, సెల్ఫీ తీసుకున్నాడు. ఇంజనీరట, ఇంజనీరు!

వాగులు మోసుకొచ్చిన గుర్రపుడెక్కా చెత్తా కంపా అంతా ఆ వలకు అంటుకుపోయి ఉంటాయి. దడి కాస్తా గోడ అయిపోయి ఉంటుంది. దాని వెనక చెరువు లేస్తోంది. ఎంత లేచిందో భూమ్మీద ఎవడికీ తెలియదు.

నాయనకు ఫోన్ చేశాడు.

"నాయనా, యాడుండావు?"

"ఇంట్లోనే ఉండా. ఈ వానలో యాడికి పోతాం? మీ అమ్మ వేరుశెనగ బుడ్డలు వేయిస్తుండాది."

"నాయనా, చెప్పేది జాగ్రత్తగా విను. సెన్సర్ రీడింగ్ తప్పు చూపిస్తుండాది. దడి బ్లాకై ఉంటాది. అప్‌స్ట్రీమ్‌లో లెవెల్ పెరుగుతుండాది, డబ్బా ఇవతల పక్క ఉండాది గాబట్టి దానికి తెలవడంలా."

"ఏందిరా, సగం అర్థం కాలా. నేను చూస్తానే ఉండా, పచ్చగా ఉండాది గదా?"

"ఆ పచ్చే తప్పంటుండా. దడి కొయ్యాల నాయనా. వెంటనే."

మాల్యాద్రి గొంతు లేచింది.

"ఏం మాట్లాడుతుండావో తెలుస్తుండాదా నీకు?" అన్నాడు మాల్యాద్రి. "నా వయసంతా ఒకరి చెరువులో ఒకరి చేప పట్టినా. ఈ ఏడు మన పేరున వచ్చిందని ఇంటింటికీ పోయి చెప్పినా. ఆడోళ్లు మగోళ్లు తిండి మానుకోని పిల్లచేపలు మోసినారు. దడి కోస్తే ఒక్కటి మిగలదు. నువ్వు చూసినావా యాడన్నా నీళ్లు లేసింది?"

"చూళ్లేదు. డేటా బట్టి చెప్తుండా."

"ఆత్మకూర్లో కూచోని?"

"ఒక్కసారి కట్టెక్కి చూడు నాయనా."

"డేవిడ్‌రాజు పొద్దున పోయి చూసొచ్చినాడు. కలుజు చక్కగా పారుతుండాదంట. వాన రవ్వంత తెరిపిస్తే నేనూ పోయి చూస్తాలే. నీ మిషనే చెప్తుండాది, నువ్వే కాదంటుండావు. దేన్ని నమ్మాల నేను?"

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

ఈసారి ఊళ్లో నీటి సంఘం పెద్ద వరదయ్యకు చేశాడు. తూము తెరిపించి, బండి బాట దగ్గర ఇసుక బస్తాలు వేయించమని బతిమాలాడు. ట్రాక్టర్లు ఎక్కీ దిగీ కట్ట అక్కడే అరిగి పల్లమైంది. నీళ్లు పొర్లితే అక్కడే పొర్లాలి, పొర్లితే పడేది కాలనీ నెత్తినే.

వరదయ్య తాపీగా విన్నాడు. "ఏందబ్బయా, పోయినేడు అంకె కాస్త తగ్గించి చూపించయ్యా, తూము మూసి నీళ్లు నిలబెట్టుకుంటాం అని నేనడిగితే ఏమన్నావు? అంకె నాది కాదు, నీళ్లది అంటివి. నలుగురిలో అంటివి. నాకు కోపమొచ్చినా, పిలకాయ నికార్సయినోడే అనుకున్నా. ఇప్పుడు నీళ్లేమో బాగుండాం అంటుంటే, నువ్వేంది కాదంటావు?"

"అప్పుడు డబ్బా చెరువును చూస్తా ఉండింది, వరదయ్య గారూ. ఇప్పుడు దడిని చూస్తుండాది."

"పేజీ ఎర్రబడనీ. ఊరంతా కదిలొస్తాం. అప్పటిదాకా వానలో మనుషుల్ని లేపితే నన్ను తిడతారు."

బండి తీద్దామా అనుకున్నాడు. దారిలో వాగు రోడ్డు మీద పారుతోందని తన పేజీయే చెప్తోంది. పోలీసులు ఎవర్నీ వదలడం లేదు. ఆఫీసులకు చేస్తే లైన్లన్నీ బిజీ. అన్ని చెరువులూ ఒకేసారి నిండుతుంటే ఎవరు మాత్రం ఎన్నని ఎత్తుతారు?

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఇన్వర్టర్ కీచుమంది. పక్క గదిలోంచి విజయకుమారి సెల్ లైటు పట్టుకుని వచ్చింది. చేజర్లలో లెక్కల టీచరామె, వానకు బడి సెలవిచ్చారు.

"అత్తకు చేసినావా బావా?"

"చేసినా. యాడికి పోవాలబ్బయా, నీ పేజీలో ఏం లేదు గదా అంటుండాది. కింద పెద్దక్షరాలతో కట్ట చూడండి అని రాసి పెట్టినా. ఎవరూ చదవడంలా. రంగు చూసి మూసేస్తుండారు."

"సైరన్ మోగించు మరి."

"చేత్తో మోగదు." చెప్తుంటే వినోద్‌కే సిగ్గేసింది. ఒకసారి ఎవరో తుంటరి సరదాకి మోగిస్తే జనం పరుగులు తీశారు. ఆ రోజే చేత్తో మోగించే దారి తీసిపారేశాడు. అంకె ఎర్రగీత దాటితేనే మోగాలి, ఇంకెవరూ మోగించకూడదు, తను కూడా. అంత గట్టిగా బిగించుకున్నాడు.

"అయితే అంకె రాయి."

"అబద్ధం రాయమంటావా?"

"ఇప్పుడుండేది నిజమా?"

వినోద్ తెర వంక తిరిగాడు. భయం వేసింది. తన లెక్క తప్పయితే? దడి బాగానే ఉండి, వాగు నీళ్లు ఇంకేదో పక్కకు పోతుంటే? నాయన బతుకులో మొదటిసారి తనదంటూ పెంచుకున్న చేపను కొడుకే ఏట్లో కలిపినట్టవుతుంది. చెరువును కాలనీ చేతికిచ్చినప్పుడే వీళ్లకేం చేతనవుతుందని నవ్వినవాళ్లున్నారు, వాళ్లకు పండగే. ఇక పేజీ సంగతంటారా, అంకె నీళ్లది కాదు, వినోద్‌ది అని ఒక్కసారి తెలిస్తే మళ్లీ ఎవడు చూస్తాడు? ఇవన్నీ ఒక పక్క. ఇంకో పక్క కట్ట కింద మొదటి ఇంట్లో బుడ్డలు వేయిస్తున్న అమ్మ.

"చేపలు పోతే మళ్లా పిల్లలేసుకుంటారు బావా," అంది విజయకుమారి. కీబోర్డు అతని ముందుకు జరిపింది. "ఏందింకా ఆలోచిస్తుండావు?"

డబ్బా నుంచి వచ్చే అంకె పేజీలోకి రాకుండా ఆపేశాడు. దాని చోట తన చేత్తో రాశాడు. కలుజు మీద రెండడుగులు దాటితే ఎరుపు. రెండడుగుల ఒక అంగుళం అని రాశాడు. అబద్ధమాడటంలో కూడా పిసినారితనం చూపించాడు, ఎర్రగీత దాటడానికి ఎంత కావాలో అంతే.  బటన్ నొక్కాడు.

పేజీ ఎర్రబడింది.

ఒక్కసారిగా ఫోన్లన్నీ ఆ పేజీ మీద పడ్డాయి. ఊళ్లో ఇంతమందికి ఫోన్లున్నాయా అనిపించేలా తెర మీద సంఖ్య ఎక్కిపోతోంది. మరుక్షణమే అమ్మ అలివేలమ్మ ఫోను. వెనక సైరన్ చెవులు చిల్లులు పడేలా కూస్తోంది.

"అబ్బయా, కూతేస్తుండాదిరా! ఎర్రగా అయిపోయిందంట!"

"అందర్నీ బడి మిద్దె ఎక్కించు అమ్మా. ముసలోళ్లను ముందు తోలు. సామాన్ల జోలికి పోబాకండి. నాయన యాడ?"

"సైరన్ మొదలైందో లేదో, పారా కత్తీ తీసుకోని కట్టమీదికి ఉరికినాడు. నేను వద్దంటే వినలా."

వినోద్ కుర్చీలో కూర్చోలేక లేచాడు, నిలబడలేక కూర్చున్నాడు. ఇన్వర్టర్ ఊపిరి అందని మనిషిలా కీచుకీచుమంటోంది. అది ఆగిపోతే సర్వర్ ఆగిపోతుంది, అక్కడేం జరుగుతోందో తెలిసే దారి ఉండదు. విజయకుమారి ఇంట్లో మిగతా లైట్లన్నీ ఆర్పేసి వచ్చి అతని పక్కన నిలబడింది.

ఈసారి డేవిడ్‌రాజు. చిన్నప్పటి నుంచీ కలిసి చెరువులో ఈదినవాడు, ఇప్పుడు సొసైటీలో మాల్యాద్రికి కుడిభుజం. గాలికి మాటలు తెగిపోతున్నాయి.

"వినోదూ! దడెనక నీళ్లు గోడ మాదిరి నిలబడుండాయిరా! ఇవతల జానెడు పారుతుండాయి, అవతల... బాబోయ్, చెప్పలేన్రా! బండి బాట కాడ కట్ట మీంచి కారడం మొదలైంది. వరదయ్యోళ్లు బస్తాలు మోసుకొస్తుండారు, అవి నిలబడేటట్టు లేవు!"

"దడి కొయ్యండ్రా! కొయ్యండి!"

"మీ నాయన నీళ్ల అంచున నిలబడుండాడు. మాట్లాడడంలా. చేపలన్నీ దడి కాడికే వచ్చి ఎగురుతుండాయిరా, నీళ్లు కనపడటంలా."

"ఆయన్ని దిగనీబాకరా డేవిడూ! తెగ్గానే నీళ్లు లాక్కుపోతాయి, ఇంకెవర్నన్నా—"

"దిగినాడురా. కత్తి పళ్లతో పట్టుకోని దిగినాడు. నడుముకు తాడు కట్టుకున్నాడు. ఆగు, నేను తాడు పట్టుకోవాల."

ఫోన్ కట్టయింది.

తర్వాత ఎంతసేపు గడిచిందో వినోద్‌కు ఇప్పటికీ తెలియదు. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పేజీలో తను రాసిన అంకె ఎర్రగా వెక్కిరిస్తూ కూర్చుంది. దాని వెనక, బయటివాళ్లకు కనపడని నల్లతెర మీద డబ్బా పంపే అసలు అంకె మాత్రం వస్తూనే ఉంది. అది అలాగే ముక్కాలడుగు దగ్గర కదలకుండా ఉంది. కదలలేదంటే దడి తెగలేదు. దడి తెగలేదంటే నాయన ఇంకా నీళ్లలో ఉన్నాడు. కదిలితే దడి తెగినట్టు, కానీ అప్పుడు నాయన ఎక్కడున్నట్టు? ఏం కోరుకోవాలో తెలియక వినోద్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఆ అంకెను చూస్తూ నిలబడ్డాడు.

అంకె దూకింది.

ముక్కాలడుగు నుంచి ఒక్క గెంతున అడుగున్నర. తర్వాత రెండు. తను రాసిన అబద్ధాన్ని దాటేసింది. అక్కడా ఆగలేదు. రెండున్నర దాటింది. మూడడుగుల దగ్గర కాసేపు ఊగిసలాడింది. మూడు! దడి వెనక నీళ్లు అంతకంటే కాస్త ఎక్కువే ఉండుంటాయి. తను భయపడి భయపడి, ఇంత పెద్ద అబద్ధం ఆడొచ్చా అని వణికిపోయి రాసిన అంకె కంటే నిజం ఒక అడుగు ఎత్తున ఉంది. "అమ్మో" అంది విజయకుమారి. 

అంకె నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాక ఫోన్ మోగింది. వరదయ్య.

"కట్ట నిలబడిందబ్బయా."

"మా నాయన?"

"ఉండాడు. ఒకసారి మునిగినాడు. ఊరూ కాలనీ అందరం తాడు పట్టుకున్నాం, ఈడ్చి ఒడ్డునేసినాం. తాడుకు చేతులు చీరుకుపోయినాయి, అంతకు మించి ఏం లేదు." తర్వాత తగ్గిన గొంతుతో అన్నాడు. "నీళ్లు తాగుండాడు, కక్కుతుండాడు. మాట్లాడేటట్టు లేడు. తర్వాత చేస్తాడులే."

 వినోద్ డబ్బా అంకెను మళ్లీ పేజీలోకి వదిలాడు. దాని కింద రాశాడు: ‘ఈ మధ్యాహ్నం ఎర్రగా చూపించిన అంకె నీళ్లు చెప్పింది కాదు. నేను రాసింది. అంతకు ముందు పచ్చగా చూపించింది కూడా తప్పే, డబ్బాను దడికి ఇవతల ఉంచేసింది నేనే. వినోద్.’ రాయమని ఎవరూ అడగలేదు, రాయకపోతే ఎవరికీ తెలియదు కూడా. విజయకుమారి చదివింది, వద్దనలేదు.

సాయంత్రం చీకటి పడకముందే మాల్యాద్రి ఫోన్ చేశాడు. వాన తగ్గుముఖం పట్టింది. వినోద్ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. 

"ఎట్టుండావు నాయనా?" అన్నాడు.

"ఉండాలే."

"చేపలు?"

"ఒకటీ లేదు. దడి తాళ్లు తెగుతుంటే కాళ్లకు రాసుకుంటా పోయినాయిరా అన్నీ. పెద్ద పెద్దయి." మాల్యాద్రి దగ్గి సర్దుకున్నాడు. "డేవిడ్‌రాజు నువ్వు రాసింది చదివి చెప్పినాడు. ఆ అంకె నువ్వే రాసినావంట గదా?"

"అవును నాయనా. తప్పే. నాకు ఇంకో దారి—"

"అది కాదురా నేను చెప్పేది. నువ్వు నాకు ముందే చెప్పినావు. నీ నోటితో చెప్పినావు. నేను వినలా. అదే మాట నువ్వు మిషన్లో రాస్తే పార తీసుకోని పరిగెత్తినా. నా కొడుకు మాటకంటే ఆ డబ్బా మాట పెద్దదైపోయిందిరా నాకు. అప్పటి నుంచీ అదే తల్చుకుంటుండా."

"నేనే సరిగా చెప్పలా నాయనా."

"అవును, సరిగా చెప్పలా," అన్నాడు మాల్యాద్రి, తిడుతున్నాడో లాలిస్తున్నాడో తెలియకుండా. "లెవెలంటివి, డేటా అంటివి, ఆఫీసోళ్ల మాదిరి చెప్తివి. ఆఫీసోళ్లు చెప్తే మేం ఎన్నడు విన్నాం? ఇంకోసారి ఇట్టాటిది వస్తే మిషన్‌తో చెప్పించబాక. నువ్వే చెయ్యి. అరువు. బూతులు తిట్టు. భయంగా ఉండాది నాయనా అని ఏడువు. నువ్వు ఏడిసుంటే నేను అప్పుడే పోయుండేవాణ్ణిరా అబ్బయా."

పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నదంతా అప్పుడు తెగింది. వినోద్ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మాల్యాద్రి ఫోన్ పెట్టెయ్యలేదు. ఊరుకోమని కూడా అనలేదు. కొడుకు ఏడ్చినంతసేపూ చెవికి పెట్టుకుని వింటూ కూర్చున్నాడు.